అన్నిట్లో 60 శాతం ఎందుకుండాలి?

ప్రిన్సిపల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, నాతో కలిసి పనిచేసిన అధ్యాపక మిత్రులకు, ముందు వరసలో ఉన్న కంపెనీల ప్రతినిధులకు, తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం. మా ల్యాబ్ అటెండర్లకు ప్రత్యేకంగా నమస్కారం. వాళ్లు లేకపోతే నా సర్వీసులో ఒక్క ప్రాక్టికల్ కూడా సవ్యంగా జరిగేది కాదు. ఈ కెమిస్ట్రీ విభాగం నాకు అన్నం పెట్టింది. పిలిచినందుకు కృతజ్ఞతలు.

నాకిచ్చిన అంశం 'పీజీ తర్వాత ఉపాధి అవకాశాలు'. కానీ పొద్దున్నించి వరండాలో నన్ను ఆపిన పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న. "సార్, డిగ్రీలో మార్కులు తగ్గాయి. ఎమ్మెస్సీలో బాగా తెచ్చుకుంటే కవర్ అవుతుందా?" ఆ టెన్షన్ వాళ్ల ముఖాల్లో చూశాక ఇంకో విషయం మాట్లాడాలనిపించడం లేదు.

కొన్ని చోట్ల కవర్ అవుతుంది, కొన్ని చోట్ల కాదు. సివిల్స్‌కు డిగ్రీ పాసైతే చాలు, శాతం అడగరు. ఎంటెక్ లాంటి సీట్లకు పెట్టే గేట్ పరీక్ష రాయడానికీ కనీస మార్కుల షరతు లేదు. సైన్స్‌లో పరిశోధన ఫెలోషిప్‌కూ, లెక్చరర్ అర్హతకూ పెట్టే సీఎస్ఐఆర్ నెట్‌కు ఎమ్మెస్సీలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 50. ఎమ్మెస్సీ చేసినవాళ్ల డిగ్రీ శాతంతో ఆ పరీక్షకు పనిలేదు. బీఈడీలో చేరడానికి, టీచర్ శిక్షణను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం డిగ్రీలో గానీ పీజీలో గానీ 50 శాతం ఉంటే సరిపోతుంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్, ఎంటెక్‌లలో ఏదో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ చాలని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2019లో చెప్పింది. ఇలాంటి చోట మీ పీజీ మిమ్మల్ని నిలబెడుతుంది.

మరి యూనివర్సిటీలో పాఠం చెప్పాలనుకునేవాళ్ల సంగతి? ఇది కాస్త జాగ్రత్తగా వినండి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో ఇంటర్వ్యూకి ఎవర్ని పిలవాలో తేల్చే పట్టిక ఒకటుంది. డిగ్రీలో 80 శాతం, ఆపైన ఉంటే 15 పాయింట్లు, 60 నుంచి 80 లోపు 13, 55 నుంచి 60 లోపు 10, 45 నుంచి 55 లోపు 5. పీజీకి అదే వరసలో 25, 23, 20. పీజీలో కింది మెట్టుకూ పై మెట్టుకూ తేడా 5 పాయింట్లే. డిగ్రీలో 10! డిగ్రీలో 53, పీజీలో 78 శాతం తెచ్చుకున్న పిల్లకు 28 పాయింట్లు వస్తాయి. రెండింట్లోనూ 62 ఉన్నవాళ్లకు 36. ఎవరు ఎక్కువ ఎదిగారు చెప్పండి! పీహెచ్‌డీకి 30 పాయింట్లున్నాయి, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్‌తో నెట్ ఉంటే 7. పరిశోధనలోకి వెళ్లగలిగితే ముందుకు రావచ్చు. పీజీ మార్కులతోనే ఆ లోటు పూడదు.

53, 78 అని నేను నోటికొచ్చినట్టు చెప్పలేదు. అవి నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి మార్కులు. పేరు చెప్పను.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. బీఎస్సీకి వచ్చేసరికి ఇంగ్లిష్ పుస్తకాలు. అప్పట్లో ఏడాదికోసారి పరీక్షలు. ఫస్టియర్‌లో 43 శాతం వచ్చింది. ఆ అమ్మాయిని ల్యాబ్‌లో చూడాలి మీరు. టైట్రేషన్, అంటే ద్రావణం గాఢత తేల్చే ప్రయోగం, చేస్తుంటే బ్యూరెట్ అనే కొలత గొట్టం కుళాయి మీద ఎడమ చెయ్యి, ఫ్లాస్కు మెడ దగ్గర కుడి చెయ్యి. చివర్లో చుక్క చుక్కగా వదిలేది. లేత గులాబీ రంగు తేలి నిలవగానే కుళాయి కట్టేసేది. పక్కవాళ్ల ఫ్లాస్కులన్నీ చుక్కలు ఎక్కువ పడి ముదురు రంగెక్కి ఉండేవి. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ దాదాపు ఒకటే రీడింగ్. ఎందుకలా అవుతుందని అడిగితే తెలుగులో చక్కగా చెప్పేది. పేపర్ మీద ఇంగ్లిష్‌లో రాయమంటే సగంలో ఆగిపోయేది. సెకండియర్‌లో 50, థర్డ్ ఇయర్‌లో 66. మొత్తం కలిపి 53. తర్వాత ఎమ్మెస్సీ ఆర్గానిక్‌లో 78.

ఆ ఏడాది ఒక మందుల కంపెనీ వాళ్లు ఉద్యోగాల డ్రైవ్‌కి వచ్చారు. క్వాలిటీ కంట్రోల్‌లో కెమిస్టులు కావాలన్నారు. నేను పక్కనే ఉన్నాను. కంపెనీ ఆఫీసరు టెన్త్ మెమో చూశారు, ఇంటర్ మెమో చూశారు, డిగ్రీ మెమో దగ్గర వేలు ఆగింది. "త్రూఅవుట్ 60 ఉండాలమ్మా", అంటే టెన్త్ నుంచి అన్నిట్లో 60 శాతం ఉండాలని, కాగితాలు తిరిగిచ్చేశారు. కింద ఉన్న ఎమ్మెస్సీ మెమో తిప్పనే లేదు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ అమ్మాయి కాగితాలన్నీ వరసగా ఫైల్లో సర్దుకుని "థాంక్యూ సార్" అని బయటికి వెళ్లింది. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం చల్లారలేదు. చల్లారకూడదు కూడా.

తర్వాత ఒక చిన్న యూనిట్ వాళ్లు రాత పరీక్ష పెట్టి, ల్యాబ్‌లో నిలబెట్టి చూసి తీసుకున్నారు. అక్కడ హెచ్‌పీఎల్‌సీ అనే, మందులో ఏది ఎంతుందో విడదీసి కొలిచే యంత్రం మీద పనిచేసి అనుభవం సంపాదించాక పెద్ద కంపెనీలే పిలిచాయి. ఏయే పరికరాల మీద చేశావు, నాణ్యత తనిఖీ ఆడిట్‌లో ఎప్పుడైనా కూర్చున్నావా అని అడిగారట. డిగ్రీ శాతం గురించి ఎవరూ ఎత్తలేదట. మరి మొదటి రోజు ఎందుకు అడిగారు?

కంపెనీల వారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. దరఖాస్తులు వేలల్లో వస్తాయి, వడపోతకు ఏదో ఒక అంకె కావాలి అంటారు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ 43, 50, 66, 78 అని పెరుగుతూ వచ్చిన మనిషినీ, మొదట్నుంచీ 61 దగ్గరే ఉన్న మనిషినీ ఆ అంకె చూడగలదా? మొదటితరం చదువుకునే పిల్లలకు ఫస్టియర్ అంటే హాస్టలూ కొత్తే, భాషా కొత్తే. ఆ ఏడాది మార్కులు పట్టుకుని జీవితమంతా కొలుస్తారా? వడపోత కావాలంటే గంటసేపు రాత పరీక్ష పెట్టండి. మా పిల్లలు రాస్తారు.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మాట. "విదేశంలో మాస్టర్స్ చేస్తే పాత మార్కులు ఎవరూ చూడరు" అని కొందరు ఏజెంట్లు చెబుతున్నారు. అసలు అక్కడ సీటిచ్చేముందు చూసేదే డిగ్రీ మార్కులు, బ్యాక్‌లాగులు. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చేముందు ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, ఏ ఉద్యోగం అని అడిగి తెలుసుకోండి. ఇక్కడైనా అంతే. ల్యాబ్ సరిగా లేని చోట పేరుకి ఎమ్మెస్సీ చేస్తే చేతికొచ్చేది ఇంకో మెమో. ఆ మెమో చూపించి హెచ్‌పీఎల్‌సీ ముందు కూర్చోలేరు.

పిల్లలూ, సబ్జెక్ట్ మీద ఇష్టముంటే పీజీ చేయండి, గట్టిగా చేయండి. 53 వచ్చిందని ఎవరి ముందూ తల దించుకోకండి. అడిగితే ఎందుకొచ్చిందో చెప్పండి, తర్వాత ఏం చేశారో చూపించండి. నోటిఫికేషన్‌లో అర్హతల పేరా పూర్తిగా చదవనిదే ఫీజు కట్టొద్దు. నెలలో మొదటి శనివారం మధ్యాహ్నం నేను కెమిస్ట్రీ ల్యాబ్ పక్కగదిలో ఉంటాను, ప్రిన్సిపల్ గారు ఒప్పుకున్నారు. మెమోలన్నీ తెచ్చుకోండి, కలిసి చదువుదాం.

ఇవాళ్టి డ్రైవ్ మూడు గంటలకు మొదలవుతుంది. 60 లేదన్న కారణంతో పేర్లు తీసేసిన పిల్లల జాబితా ప్రిన్సిపల్ గారి టేబుల్ మీద ఉంది. వాళ్లను కూడా పరీక్ష రాయనిస్తారా లేదా, కంపెనీల వారు మూడింటిలోపు చెప్పండి. నేను ఇక్కడే ఉంటాను.