కారు ఆంప్ రిపేరుకు డీఎస్ఓ138 స్కోప్ సరిపోతుందా?

నమస్తే. హన్మకొండ, కాజీపేట వైపు కారు ఆడియో పని చేసే తమ్ముళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అందుకే ఈరోజు డీఎస్ఓ138ని నిజమైన రిపేరులో పెట్టి చూద్దాం. మనమే సోల్డరింగ్ చేసుకునే ఆసిలోస్కోప్ కిట్ ఇది, అంటే వోల్టేజ్ ఎలా మారుతోందో గీతగా చూపించేది. ఒకే ఛానల్, బ్యాండ్‌విడ్త్, అంటే సరిగా చూపించగలిగే ఫ్రీక్వెన్సీ పరిమితి, 200 కిలోహెర్ట్జ్, సెకనుకు 10 లక్షల శాంపిల్స్.

పక్కనున్న ఆంప్ మేడారం జాతరకు పోయొచ్చిన బండిది. మూత తీస్తే లోపలంతా ఎర్ర దుమ్మే. ఆన్ చేయగానే ఫ్యూజు పోతోంది. ఇలాంటప్పుడు స్కోప్ జోలికి పోవద్దు, ముందు మల్టీమీటర్ పట్టుకోండి. ఆంప్ సప్లైలో ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసే స్విచ్‌లే మాస్‌ఫెట్లు, రెండు వైపులుగా ఉంటాయి. ఇదిగో, ఈ వైపువి డ్రెయిన్ నుంచి సోర్స్‌కు, అంటే స్విచ్ రెండు కాళ్ల మధ్య, షార్ట్. రెండు వైపులవీ తీసేశాను. ఇక బ్యాటరీ ప్లస్ వైరులో 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బు సిరీస్‌లో పెట్టి పవర్ ఇస్తున్నా. ఎక్కడైనా ఇంకో షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది.

ఇప్పుడు స్కోప్. దీనికి పవర్ వేరే 9 వోల్టుల బ్యాటరీ నుంచే ఇవ్వండి. ఆంప్‌కు పెట్టిన సప్లై నుంచే తీస్తే గ్రౌండ్‌లు కలిసిపోయి లేనిపోని టెన్షన్.

ఇందులో ఆ మాస్‌ఫెట్లను నడిపే పల్సులు తయారుచేసే ఐసీ టీఎల్494. 12వ పిన్‌లో సప్లై ఉంది, 14వ పిన్‌లో 5 వోల్టులు ఉన్నాయి. 5వ పిన్ మీద ప్రోబ్ పెడితే... చూశారా, రంపం పళ్లలాంటి వేవ్. అంటే ఆసిలేటర్ బతికే ఉంది. ఫ్రీక్వెన్సీ 100 కిలోహెర్ట్జ్ దగ్గర చూపిస్తోంది. రెండు వైపులూ వంతులవారీగా ఆన్ అయ్యే పుష్-పుల్ కాబట్టి ఒక్కో గేట్‌కు, అంటే మాస్‌ఫెట్‌ను ఆన్-ఆఫ్ చేసే కాలికి, అందులో సగం, 50 వస్తుంది. 9, 10 పిన్లలో పల్సులు కూడా ఉన్నాయి. అవి రాకపోతే 4వ పిన్ చూడండి. అక్కడ 3 వోల్టులు దాటి ఉంటే ప్రొటెక్షన్ సర్క్యూటే ఆపేస్తోందని అర్థం. ఇంతవరకు ఈ కిట్‌కు నేను మంచి మార్కులే ఇస్తా.

అసలు పరీక్ష గేట్ దగ్గర. ఫెట్ లేని ఖాళీ ప్యాడ్ మీద ఎంత చెత్త డ్రైవరైనా చక్కగానే కనిపిస్తుంది. అందుకే రెండు వైపులా గేట్ నుంచి సోర్స్‌కు 4.7 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టాను, దాదాపు మూడు ఐఆర్‌ఎఫ్‌జెడ్44 మాస్‌ఫెట్ల లోడ్ అది. డీఎస్ఓ138లో రెండు గేట్లూ ఒకేలా ఉన్నాయి, మూలలు గుండ్రంగా. ఇది చూసి కొత్త ఫెట్లు వేశారా, అవి కూడా పోతాయి!

ఎందుకంటే ఈ స్కోప్ సొంత రైజ్ టైమే, అంటే దీని గీత పైకి లేవడానికి పట్టే సమయమే, సుమారు 1.75 మైక్రోసెకన్లు. అంతకన్నా వేగంగా జరిగేది దీనికి కనిపించదు. అవే గేట్లకు ఈ రెండు ఛానళ్ల 10 మెగాహెర్ట్జ్ స్కోప్ పెడుతున్నా. పై గీత నిలువుగా పడుతోంది. కింది గీత దిగడానికి మైక్రోసెకను పైనే పడుతోంది. ఆ లోపే అవతలి వైపు ఆన్ అవుతోంది, రెండు వైపులూ ఒకేసారి కండక్ట్ చేసి కాలిపోతున్నాయి. కింది గీత వైపు గేట్‌ను కిందికి లాగే పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ ఓపెన్ అయింది, అంటే లోపల తెగిపోయింది. నేనైతే రెండు వైపులవీ మారుస్తా. మార్చాక చూడండి, రెండు గీతలూ నిలువుగా పడుతున్నాయి, మధ్యలో రెండూ ఆఫ్‌లో ఉండే ఖాళీ టైమ్ కూడా కనిపిస్తోంది.

కాబట్టి నేర్చుకోవడానికి, సప్లై బతికుందో లేదో చూడటానికి డీఎస్ఓ138 కొనండి, పర్వాలేదు. డబ్బులు తీసుకుని ఆంప్‌లు రిపేరు చేసేవాళ్లు మాత్రం కొనకండి, రెండు ఛానళ్లు లేకుండా ఈ పని కాదు. ఇంకోటి, దీని ఇన్‌పుట్ పరిమితి 50 వోల్టులు. ఆంప్ సప్లైలోని ప్లస్ 35, మైనస్ 35 వోల్టుల లైన్ల మధ్య డైరెక్టుగా పెడితే 70 అవుతుంది, స్కోప్ పోతుంది. రెండు ఛానళ్ల స్కోప్‌లో కూడా గ్రౌండ్ క్లిప్పులు లోపల కలిసే ఉంటాయి. ఒకటి బ్యాటరీ గ్రౌండ్‌కు, ఇంకోటి ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి, అంటే అవుట్‌పుట్ వైపుకు, ఎప్పుడూ పెట్టకండి.