ఉడికించిన నీళ్ళు పారబోసే చేతికి

అమ్మలకీ అయ్యలకీ నమస్కారం. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఎన్నో ఇళ్ళలో డయాలసిస్ రోజులు క్యాలెండర్ మీద రాసి ఉంటాయి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ఇంటివాళ్ళ రుణం ఎలా తీర్చుకోవాలన్నదే ఈ పూట మాట.

ముందు ఆ రుణం ఎంతో చూడండి. వారానికి 3 సార్లు, సారికి 4 గంటలు మీరు మిషన్ మీద ఉంటారు. తోడొచ్చిన మనిషికి ప్రయాణంతో కలిపి రోజంతా పోతుంది. ఇంటికొచ్చాక బంగాళాదుంపలో, కందో సన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు కూర వండాలి. పాడైన కిడ్నీలు బయటికి పంపలేని పొటాషియం కొంత ఆ నీళ్ళలోకి దిగుతుంది కాబట్టే ఈ శ్రమ. అంత చేసిన కూరని చప్పగా ఉందని తోసేసి ఆవకాయ కలుపుకుంటే, ఆ ఉప్పుకి దాహం, దాహానికి నీళ్ళు.

అందుకే నీళ్ళ లెక్క మీరే పెట్టుకోండి. సాధారణంగా చెప్పేది ఇది: నిన్న 24 గంటల్లో వచ్చిన మూత్రం ఎంతో, దానికి మరో 500 మిల్లీలీటర్లు కలపాలి. మీ డాక్టరు వేరే కొలత చెబితే అదే మీ కొలత. పొద్దున్నే అంతమేరకు సీసాలో పట్టుకోండి. టీ, చారు, మజ్జిగ ఏది తాగినా అంత నీరు సీసాలోంచి తీసి చెట్టుకి పోసేయండి. లీటరు నీరు ఒంట్లో ఆగితే కిలో బరువు. అలా ఎక్కువ నీరు చేరితే, మిషన్ అదంతా 4 గంటల్లో లాగేటప్పుడు బీపీ పడిపోవచ్చు, పిక్కలు పట్టేయొచ్చు. ఆ పిక్కలు నొక్కేదీ మీ ఆవిడే. సీసా మీ చేతిలో ఉంటే “ఎంత తాగావు?” అని రోజంతా కాపలా కాసే పని ఆవిడకి తప్పుతుంది.

ఇక స్నేహితులు. ప్రేమ కొద్దీ కొబ్బరిబోండాం తెస్తారు. కొబ్బరితోటల మధ్య బతుకుతూ బోండాం వద్దనడం కష్టమే, కానీ అందులో పొటాషియం ఎక్కువ. గుండె లయ తప్పొచ్చు. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని తెచ్చిచ్చేదీ అంతే, చాలావాటిలో సోడియం బదులు పొటాషియమే కలుపుతారు. వాళ్ళని కసురుకోవద్దు. “ఏం కావాలన్నా చెప్పరా” అన్నవాడికి పని చెప్పండి: “గురువారం పొద్దున్న 6కి బండి మీద నువ్వు దింపు, మీ వదిన పడుకుంటుంది.” ఆ రోజు సాయంత్రం మాత్రం రావద్దనండి, మిషన్ దిగాక నీరసంగా ఉంటుంది, మాట పెళుసుగా వస్తుంది. మర్నాడు రమ్మనండి. వస్తే బరువు సంచీ మాత్రం ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేత్తో అందుకోకండి, వాణ్ణే లోపల పెట్టమనండి.