నున్నదనం తోమితే రాదు
(మహిళా డిగ్రీ కళాశాల హాస్టల్లో ఒక చర్మవైద్యురాలి ప్రసంగ పాఠం)

అమ్మాయిలూ, అందరికీ నమస్కారం. తెల్లబడటం ఎలా అని మాత్రం నన్ను అడగొద్దు. అది నాకు రాదు, వచ్చినా చెప్పను. ఇవాళ మాట్లాడేది చర్మం గరుకు గురించే.

ముందు ఒక పని చెయ్యండి. వేళ్ల వెనక వైపుతో చెంపని మెల్లగా నిమరండి. ఇసక చల్లినట్టు తగిలిందా? కొందరికి వేలికి ఏమీ తగలదు గానీ, కిటికీ పక్కన నిలబడి అద్దం చూసుకుంటే చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఈ రెండూ ఒకటి కాదు. గుంటలు మొటిమలు వదిలి వెళ్లినవి. వాటిని పూడ్చే క్రీము లేదు, ఎంత ఖరీదు పెట్టినా లేదు. సూదులతోనో లేజరుతోనో క్లినిక్‌లో చెయ్యాల్సిన పని అది. గరుకు మాత్రం ఇంట్లోనే చాలావరకు తగ్గుతుంది.

చర్మం అడుగున కొత్త కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, చివరికి పొట్టులా రాలిపోతుంటాయి. మీ వయసులో ఇదంతా సుమారు 4 వారాల పని. వయసు పెరిగేకొద్దీ ఇంకా నెమ్మది. ఆ పొట్టు సమంగా రాలకపోతే ఒకచోట పేరుకుంటుంది, రంధ్రాల్లో జిడ్డుతో కలిసి బిరడాలా బిగుసుకుంటుంది. అదే మీ వేలికి తగిలిన ఇసక.

పేరుకుంది కదా అని తోమేస్తారు. అక్కడే వస్తుంది గొడవ. ఆ పై పొర మీ నోట్‌బుక్ కాగితం కంటే పలచన. ఈమధ్య ఒకమ్మాయి వచ్చింది. పొద్దున వాల్‌నట్ స్క్రబ్, సాయంత్రం నిమ్మచెక్క మీద పంచదార వేసి రుద్దడం. చెంపలు ప్లాస్టిక్ కవరులా మెరుస్తున్నాయి. "గ్లో వచ్చింది గానీ మేడమ్, నీళ్లు తగిలినా మంట" అంది. అది గ్లో కాదమ్మా, పొర అరిగిపోయింది. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, నిమ్మరసానిది 2. మామూలు సబ్బుది 9, 10. ఇటు పులుపు, అటు చౌడు. ఆ అమ్మాయికి నేనేమీ కొత్తది ఇవ్వలేదు, ఉన్నవన్నీ మాన్పించాను. నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, అంతే. రెండు నెలలకి సగం గరుకు దానంతటదే పోయింది.

"మరి మా అమ్మమ్మ నలుగు పెట్టేది కదా" అంటారు. పెట్టేది. కానీ ముందు ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించి, నానాక, ఆ జిడ్డు మీద సున్నిపిండి రుద్దేది. అదీ వారానికోసారి. మనం నూనె మానేసి, పొడి మొహం మీద రోజూ రుద్దుతున్నాం. అన్నట్టు ఆ సున్నిపిండిలో కొందరు వేసే బావంచాల నుంచి తీసిందే బాకుచియాల్, ఇప్పుడు సీరం సీసాల్లో అమ్ముతున్నారు. అలాగని బావంచాలు నూరి మొహానికి రాయకండి. వాటిలో సోరాలెన్ ఉంటుంది, రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కుతుంది. బొల్లి వైద్యంలో వాడే మందు అది.

ఇక ఏం రాయాలి? పొట్టును రుద్దకుండా వదిలించేవి ఉన్నాయి. చెరకులో ఉండే గ్లైకాలిక్ ఆమ్లం, పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం. కణాల మధ్య జిగురును ఇవి సడలిస్తాయి. జిడ్డు మొహాలకి సాలిసిలిక్ 2 శాతం నయం, అది జిడ్డులో కలిసి రంధ్రంలోకి దిగుతుంది. వీటిలో ఏదో ఒక్కటి, వారానికి రెండు రాత్రులు చాలు. మూడూ కొనుక్కుని మూడూ ఒకే రాత్రి రాసి నా దగ్గరికి రాకండి.

జబ్బల మీద గూస్‌బంప్స్‌లా శాశ్వతంగా ఉండే బుడిపెలకి యూరియా 10 శాతం ఉన్న లోషన్ రాయండి. ఆ బుడిపెలు వంశంలో వచ్చేవి, పూర్తిగా పోవు, మెత్తబడతాయి.

మొటిమలు కూడా ఉంటే అడాపలిన్, ట్రెటినాయిన్ లాంటి విటమిన్-ఎ రకం పూత మందులు డాక్టర్ని అడిగి వాడాలి. మొహం మొత్తానికి బఠాణీ గింజంత. మొదటి వారాల్లో పొట్టు రాలుతుంది, మొటిమలు పెరిగినట్టూ అనిపిస్తుంది. 12 వారాలు ఆగాలి. గర్భం వస్తే, రావాలనుకుంటున్నా, ఆపెయ్యాలి.

ఇవి రాసేవాళ్లు పగలు సన్‌స్క్రీన్ మానితే రాత్రి చేసినదంతా వృథా. ఎస్‌పీఎఫ్, అంటే ఎండ నుంచి కాపాడే కొలత, 30 ఉంటే చాలు, కానీ మొహానికీ మెడకీ రెండు వేళ్ల పొడవునా పిండాలి. అందరూ శనగగింజంత రాసి, పనిచెయ్యలేదంటారు.

ఇప్పుడు నాకు కోపం వచ్చే సంగతి. ఒక హాస్టల్ గదిలో ఒకే క్రీము ట్యూబు నలుగురి చేతులు మారుతుంది. వారంలో మొహం వెన్నలా అవుతుంది. అంత తొందరగా నున్నబడితే అనుమానించండి. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అని ఉంటే అది స్టెరాయిడ్. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి ఎర్రని సన్న రక్తనాళాలు తేలతాయి, మొహం మీద వెంట్రుకలు, గుంపులుగా మొటిమలు. మానితే మంట, అందుకని మళ్లీ రాస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అయినా ఇప్పటికీ అడిగితే ఇచ్చే షాపులున్నాయి. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవాళ్లు ఉంటే సిగ్గుపడకండి, తిట్టను. ఒక్కసారిగా మానకుండా ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మీ ప్రశ్నల చీటీలు వచ్చాయి. మొదటిది... "మేడమ్, శుక్రవారం ఫ్రెషర్స్ డే, అప్పటికి నున్నగా అవుతుందా?" అవదమ్మా. శుక్రవారం దాకా కొత్తదేదీ మొహానికి తగలనివ్వకు, మాయిశ్చరైజర్ రాసుకుని హాయిగా వెళ్లిరా. శనివారం మొదలుపెట్టు. రెండో చీటీ ఇవ్వండి.