పడుకునే ముందు చివరగా నోట్లోకి ఏం వెళ్లింది?

(చిన్నపిల్లల పళ్లు పుచ్చకుండా చూసుకోవడం గురించి విశాఖపట్నంలో తల్లులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన అమ్మలు ముందు చాప మీద కూర్చోండి, చివర్లో మీతో పని ఉంది. అమ్మమ్మలు, నాయనమ్మలు వెనక్కి వెళ్లిపోకండి. ఇంట్లో పాలసీసా తిరిగేది మీ చేతుల మీదుగానే కాబట్టి ఈ మాటల్లో సగం మీకోసమే.

ముందుగా ఒక పని చేయండి. ఒడిలో ఉన్న బిడ్డ పైపెదవిని బొటనవేలితో మెల్లగా ఎత్తి చూడండి. ముందు పళ్లు నాలుగింటి మొదట్లో, చిగురు పక్కనే, సుద్దతో గీసినట్టు తెల్లటి గీత ఉందా? పన్నంతా నిగనిగలాడుతూ ఆ గీత మాత్రం మెరుపు లేకుండా ఉందా? పన్ను పుచ్చడానికి అదే తొలి గుర్తు. పాలు అంటుకున్నాయేమో అనుకుని చాలామంది వదిలేస్తారు. పాలైతే తడిగుడ్డతో తుడిస్తే పోతాయి, ఇది పోదు. ఈ దశలో పట్టుకుంటే డ్రిల్లింగ్ అక్కర్లేకుండానే పన్ను మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది. గీత గోధుమరంగుకు తిరిగి గుంట పడిందంటే ఆ గుంట దానంతట అది పూడదు. అందుకే నెలకోసారి పెదవి ఎత్తి చూడమంటాం. కరెంటు బిల్లు కట్టే రోజున చూస్తామని పెట్టుకుంటే మర్చిపోరు.

పై ముందు పళ్లే ముందు ఎందుకు పోతాయి? సీసా పీల్చేటప్పుడు నాలుక కింది పళ్ల మీద దుప్పటిలా పరుచుకుంటుంది. ఉమ్మి ఊరే గ్రంథులు కొన్ని అక్కడే, నాలుక కింద ఉన్నాయి. పైపళ్లకు ఆ కాపలా లేదు. పాలు వాటి చుట్టూ నిలబడిపోతాయి. పైగా నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది. పగలు తిన్న తీపిని కడిగేసే ఉమ్మి రాత్రి సెలవు పెడుతుందన్నమాట. కాబట్టి పగలు తాగిన గ్లాసు పాలూ, సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతూ తాగిన పాలూ పంటికి ఒకటి కావు.

పంటి పురుగు అనేది లేదమ్మా. ఏవో గింజల పొగ పట్టి పురుగులు రాల్చామని చూపించేవాళ్లు చూపించేది గింజల్లోంచి వచ్చిన నలుసులే. పంటి మీద పాచిలో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. తీపి దొరికిన కొద్ది నిమిషాలకే అవి ఆమ్లం తయారుచేస్తాయి. పీహెచ్ అంటే ఆమ్లం కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని లెక్క. పంటి దగ్గర అది సుమారు 5.5 కంటే తగ్గితే పంటి పైనుండే గట్టి పింగాణీ పొరలోంచి కాల్షియం కరగడం మొదలవుతుంది. మళ్లీ మామూలు కావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పాలపళ్ల మీద ఆ పొర పెద్దపళ్ల పొరలో సగం మందమే. లోపల నరం ఉండే గది మాత్రం పంటి సైజుకు పెద్దది. పెద్దవాళ్లకు ఏళ్లు పట్టే పుచ్చు పిల్లలకు నెలల్లో నరం దాకా పోయేది అందుకే.

ఇప్పుడు ఒక మూడేళ్ల పిల్ల రోజును లెక్కేద్దాం. పొద్దున్నే చక్కెర పాలు, ఎనిమిదిన్నరకు ఇడ్లీ, పదిన్నరకు పాలల్లో ముంచిన బిస్కెట్లు, మధ్యాహ్నం అన్నం, నాలుగింటికి మాల్ట్ పొడి కలిపిన పాలు, సాయంత్రం బీచ్‌కి వెళ్తే ఐస్‌క్రీమ్, వచ్చేటప్పుడు ఏడవకుండా చాక్లెట్, తొమ్మిదింటికి సీసా. తీపి ఆరుసార్లు తగిలింది. సారికి అరగంట ఆమ్లమే వేసుకున్నా పగటి ఐదుసార్లకు రెండున్నర గంటలు, పైన రాత్రి సీసా. ఇందులో ఐస్‌క్రీమ్ తినడమే పెద్ద నేరమని మేం అనం. అన్నం తిన్న వెంటనే అదే ఐస్‌క్రీమ్ పెడితే ఒకసారి కింద పోతుంది. పావుగంటకోసారి కొరుక్కునే బిస్కెట్టు దానికంటే ఎక్కువ చెడుపు చేస్తుంది. ఎంత తిన్నారన్నదీ ముఖ్యమే, కానీ ఎన్నిసార్లు తిన్నారన్నది మాత్రం ఇళ్లలో ఎవరూ లెక్కపెట్టరు. అన్నం, టిఫిన్లతో కలిపి రోజుకు ఐదుసార్లకు మించకుండా, మధ్యలో నీళ్లు తప్ప ఏమీ లేకుండా చూసుకోండి.

బెల్లం సంగతి అడక్కుండానే చెప్పాలి. అనకాపల్లి బెల్లం పక్కనే పెట్టుకుని, చక్కెర మానేశాం డాక్టరుగారూ, బెల్లమే వేస్తున్నాం అంటారు. బెల్లం కూడా చక్కెరే. సూక్ష్మజీవులకు తేడా తెలియదు. మాడుగుల హల్వా, పూతరేకులు ఇంటికొచ్చినప్పుడు భోజనంతో పాటు ఒక ముక్క పెట్టండి, డబ్బా పిల్లల చేతికి అందేచోట పెట్టకండి. తేనె అయితే ఏడాది లోపు బిడ్డకు చుక్క కూడా వద్దు. అది పళ్ల కోసం చెప్పేది కాదు, తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు పసిబిడ్డకు ప్రాణం మీదికి తేవచ్చు. రెండేళ్లు నిండేదాకా విడిగా కలిపే తీపే అసలు అవసరం లేదు. తర్వాత కూడా మూడేళ్ల పిల్లకు రోజు మొత్తానికి మూడు టీస్పూన్లు చాలు. పాలల్లో రెండేసి చెంచాల చొప్పున రెండుపూటలా వేస్తే అక్కడే నాలుగైపోయాయి చూశారా.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడి మంచి తిండే, మానకండి. అందులో చక్కెర ఉంది కాబట్టి జావలా కలిపి సీసాలో పోయకుండా, గిన్నెలో చెంచాతో భోజనం వేళకు పెట్టి, పైన నాలుగు గుక్కలు నీళ్లు పట్టండి. చిరుతిండికి ఉడికిన గుడ్డు, పెరుగు, జామ, అరటి ముక్కలు, ఎండాకాలంలో తాటిముంజలు. వేయించిన పల్లీలు, శనగలు పళ్లకు మంచివే కానీ నాలుగేళ్లలోపు పిల్లలకు గొంతుకు అడ్డం పడతాయి, వద్దు.

ఇప్పుడు రాత్రి సీసా. ఏడాది దాటిన బిడ్డకు సీసా మాన్పించాలి. ఒక్కసారిగా లాక్కుంటే ఇల్లంతా జాగారం, మూడో రాత్రికి నాయనమ్మ జాలిపడి మళ్లీ ఇచ్చేస్తుంది. అందుకని పన్నెండు రోజుల పద్ధతి చెబుతాం, రాసుకోండి. మొదటి మూడు రోజులు సీసాలో చక్కెర మాత్రం ఆపండి, పాలు అలాగే ఉంచండి. తర్వాత మూడు రోజులు 150 మిల్లీలీటర్ల పాలకు 50 నీళ్లు. ఆపై మూడు రోజులు సగం సగం. చివరి మూడు రోజులు 50 పాలు, 150 నీళ్లు. పదమూడో రోజు నుంచి ఉత్త నీళ్లే. చాలామంది పిల్లలు ఆ నీళ్ల కోసం లేవడం వాళ్లంతట వాళ్లే మానేస్తారు. తగ్గిన పాలను పగలు గ్లాసుతో పట్టండి. ఒక్క హెచ్చరిక: ఇది ఏడాది దాటినవాళ్లకే. అంతకంటే చిన్నబిడ్డకు డబ్బాపాలలో ఎక్కువ నీళ్లు ఎప్పుడూ కలపకూడదు.

తల్లిపాలు మాన్పించమని మేం చెప్పడం లేదు. రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు. కాకపోతే పళ్లు వచ్చాక రాత్రంతా రొమ్ము నోట్లోనే ఉంచి పడుకోబెట్టడం, అదీ పగలు బిస్కెట్లు, తీపి తినే బిడ్డకు, పళ్లకు చేటు. పడుకోబెట్టే ముందు పళ్లు తోమండి, నిద్రపోగానే రొమ్ము తీసేయండి.

తోమడం గురించి కాస్త నిదానంగా చెబుతాం, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే. మొదటి పన్ను, సాధారణంగా ఆరు నెలలకు, బయటికి వచ్చిన రోజే తోమడం మొదలు. బ్రష్ తల బిడ్డ రెండు పళ్ల వెడల్పుకు మించకూడదు, కుచ్చు మెత్తగా ఉండాలి. బేసిన్ దగ్గర బిడ్డ ఎదురుగా నిలబడి తోమితే మీకు ముందు పళ్లు నాలుగే కనిపిస్తాయి. నేల మీద కూర్చుని బిడ్డ తల మీ ఒళ్లో, కాళ్లు మీకు దూరంగా ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టండి. పైనుంచి చూస్తే దవడ పళ్లు కూడా కనిపిస్తాయి. ఎడమచేతి చూపుడువేలితో పైపెదవి ఎత్తండి. పెదవిని చిగురుకు కలిపే సన్నటి పొర మధ్యలో ఉంటుంది, ఆ వేలిని దానికి అడ్డంగా పెట్టండి. బ్రష్ ఆ పొరకు తగిలితే చురుక్కుమంటుంది. బిడ్డకు బ్రష్ చూస్తేనే ఏడుపు రావడానికి చాలాసార్లు కారణం ఇదే, మొండితనం కాదు.

కుచ్చు సగం చిగురు మీద, సగం పన్ను మీద ఉండేలా కాస్త వాల్చి, ఉన్నచోటే చిన్న సున్నాలు చుట్టినట్టు ఆడించండి. ఈడ్చి తోమొద్దు. పైన కుడి, ముందు, ఎడమ, కిందా అలాగే, మొత్తం ఆరు చోట్లు, చోటుకు ఇరవై సెకన్లు. రెండు నిమిషాలు అయిపోతాయి. పై ముందు పళ్లతో మొదలుపెట్టండి, ఓపిక అయిపోయేలోగా ముఖ్యమైనవి పూర్తవుతాయి. బిడ్డ ఏడిస్తే నోరు తెరిచే ఉంటుంది, మీ పని సులువే. కచ్చికపొడి, బొగ్గు, ఉప్పు వద్దు. పలచటి పొర అరిగిపోతుంది. నాలుగేళ్ల వాడు 'నేనే తోముకుంటా' అంటే తోముకోనివ్వండి, తర్వాత మీరు మళ్లీ తోమండి. బూటు లేసు సొంతంగా కట్టుకోగలిగేదాకా, అంటే ఏడెనిమిదేళ్ల దాకా, ఆ చేతికి వెనక పళ్లు అందవు. బ్రష్ నోట్లో పెట్టుకుని పరిగెత్తనివ్వకండి. పడితే అంగిట్లో గుచ్చుకుంటుంది.

పేస్టు. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. టీవీ ప్రకటనలో చూపించినట్టు కుచ్చు పొడవునా వేయొద్దు. పంటి పొరను గట్టిపరిచే మందు ఫ్లోరైడ్. పెట్టె మీద అది ఎంతో చదవండి, 1000 పీపీఎం దగ్గర్లో, అంటే గ్రాము పేస్టుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉండాలి. పిల్లల బొమ్మ వేసి అమ్మేవాటిలో కొన్నింట్లో సగమే ఉంటుంది, కొన్నింట్లో అసలు ఉండదు. తోమాక ఉమ్మేయాలి, చెంబెడు నీళ్లతో పుక్కిలించకూడదు. మన ఇళ్లలో పుక్కిలిస్తేనే తోమినట్టు, నాకు తెలుసు. కానీ పంటికి అంటిన మందును మనమే కడిగేస్తున్నాం. ఉమ్మడం రాని బిడ్డకు నోటి చుట్టూ తుడిస్తే చాలు.

ఫ్లోరైడ్ అనగానే నల్గొండ, ప్రకాశం జిల్లాల వంకర కాళ్లు గుర్తొచ్చి భయపడతారు. భయం న్యాయమైనదే. అక్కడి మనుషులు ఏళ్ల తరబడి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిన బోరునీళ్లు లీటర్ల కొద్దీ తాగారు. బియ్యపు గింజంత పేస్టులో ఉండేది మిల్లీగ్రాములో పదో వంతు, అదీ మొత్తం మింగితేనే. మన నగరానికి మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు జలాశయాల నుంచి వచ్చేవి పైనీళ్లు, వాటిలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువే. మీరు తాగేది బోరునీళ్లయితే ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఎక్కువ పేస్టు మింగే పిల్లలకు రాబోయే పెద్దపళ్ల మీద తెల్లమచ్చలు పడొచ్చు, గింజ కొలత పెట్టింది అందుకే. ట్యూబు మాత్రం పైన అల్మారాలో ఉండాలి. 1000 పీపీఎం ఉన్న వంద గ్రాముల ట్యూబులో వంద మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. పన్నెండు కిలోల బిడ్డ అందులో సగానికి పైగా తినేస్తే విషమే. పాలు పట్టి ఆసుపత్రికి పరిగెత్తాలి.

కొన్ని చిన్న విషయాలు. జ్వరానికి, దగ్గుకు ఇచ్చే సిరప్పుల్లో చాలావాటిలో చక్కెర ఉంటుంది. రాత్రి డోసు తోమడానికి ముందే వేయండి. ఐరన్ చుక్కలు వాడితే పళ్ల మీద నల్లమరక పడుతుంది. అది పుచ్చు కాదు, మందు మానేయొద్దు. దవడ పళ్లు రెండూ ఒకదానికొకటి ఆనుకున్నాక వాటి మధ్య బ్రష్ పోదు, నాలుగైదేళ్ల పిల్లలకు పుచ్చు అక్కడే మొదలవుతుంది. పడుకునే ముందు ఒకసారి ఫ్లాస్ దారం ఆడించండి.

'పాలపళ్లేగా, ఊడిపోతాయి' అనేవాళ్లకు ఒక మాట. దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఐదేళ్లకే పీకేయాల్సి వస్తే, ఆరేళ్లకు వాటి వెనక వచ్చే పెద్ద దవడ పన్ను ముందుకు జరిగి చోటు ఆక్రమిస్తుంది, కింద నుంచి రావాల్సిన పన్ను పక్కదారి పడుతుంది. ఆ ఆరేళ్ల పన్ను రావడానికి ఏ పన్నూ ఊడదు, అందుకే అదీ పాలపన్నే అనుకుంటారు. పూర్తిగా పైకి వచ్చేసరికి లోతైన గాడుల్లో పుచ్చు పట్టేసి ఉంటుంది. సీలెంట్ అనే పూతతో ఆ గాడులు మూయించుకోవచ్చు.

మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి దంతవైద్యుడికి చూపించండి. తెల్లగీత ఉంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత రాస్తారు, రెండు నిమిషాల పని. ఆ పూట గట్టి తిండి వద్దు, రాత్రి తోమొద్దు. గుంట పడినవాటికి కొన్నిసార్లు పుచ్చు ముదరకుండా ఆపే సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే మందు రాస్తారు. పుచ్చిన చోటు నల్లబడుతుంది, ముందే చెప్పించుకోండి, తర్వాత గొడవ ఉండదు. గీతం దంత వైద్య కళాశాలలోనూ, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాలలోనూ చిన్నపిల్లల పళ్లకు విడిగా విభాగాలున్నాయి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీకి వచ్చినప్పుడు బరువుతో పాటు నోరు కూడా చూడమని అడగండి, అది వాళ్ల జాబితాలో ఉన్నదే.

చెంప వాచి జ్వరం ఉంటే, వాపు కంటి దాకా వస్తే, మింగలేకపోతే రేపటి దాకా ఆగొద్దు. చిగురు మీద లవంగ నూనె, మాత్ర నలిపి పెట్టడం వద్దు, పుండు పడుతుంది.

ఇక ఆ బల్ల మీద బ్రష్‌లు, బియ్యపు గింజలు పెట్టాం. ఒక్కో అమ్మ గింజ పక్కనే పేస్టు పెట్టి కొలత చూసుకోండి, తర్వాత బిడ్డను ఒళ్లో పడుకోబెట్టి మా ముందే తోమండి. నిద్రకొచ్చిన పిల్లలున్నవాళ్లు ముందు రండి.