నూటికి ఎంత?

అక్కచెల్లెళ్లకు, పెద్దలకు నమస్కారం.

వడ్డీ లెక్క మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగని బడి ముఖం చూడని అవ్వ కూడా చెబుతుంది. అందుకే ముంచదలచినవాడు ముందుగా ఆ లెక్కనే మనకు అందకుండా చేస్తాడు.

లక్ష అప్పు, నూటికి రూపాయే వడ్డీ, 12 వాయిదాలు, నెలకు 9,333 అంటారు. చౌకే అనిపిస్తుంది. కానీ అసలు నెలనెలా తీరుతోంది కదా! తీరిపోయిన అసలుకూ చివరిదాకా వడ్డీ కడుతున్నాం. మిగిలిన బాకీ మీదే లెక్క వేస్తే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. రూపాయి అని చెప్పి రూపాయి ముప్పావలాకు పైగా గుంజినట్టు. ఇక 5,000 అప్పు రాసుకుని, ఫీజు కోసి 3,500 చేతిలో పెట్టి, వారానికల్లా 5,000 కట్టమనే యాప్ ఉందనుకోండి. నూటికి వారానికే దాదాపు 43 రూపాయలు! కాల్‌మనీ వ్యాపారి కూడా సిగ్గుపడే వడ్డీ ఇది.

2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మనలాంటివాళ్లకు వాయిదాల రుణం ఇచ్చే ముందు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే పత్రం ఇవ్వాలి. ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. వడ్డీతోపాటు ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు అందులో ఉంటుంది. దాన్ని 12తో భాగిస్తే మన 'నూటికి ఎంత' బయటపడుతుంది. అందులో లేని ఫీజును మన స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. పత్రం రుణం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మొహమాటపడకుండా తెలుగులో అడగండి.

వసూలు సంగతి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్లు చేయకూడదు. బంధువుల ముందు పరువు తీయకూడదు. రుణ యాప్ మీ ఫోనులోని నంబర్లను, ఫొటోలను తాకకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. ఫిర్యాదు ముందు అప్పు ఇచ్చిన సంస్థకే రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోను చేయండి. అనుమతి లేని యాప్ అయితే అంబుడ్స్‌మన్ వల్ల కాదు, పోలీసుల దగ్గరికే వెళ్లాలి. ఆన్‌లైన్‌లో డబ్బు కాజేస్తే వెంటనే 1930కి ఫోను చేయండి.

కొందరు రుణ పత్రాలు తెచ్చామన్నారు. ఇలా ఇవ్వండి, కళ్లజోడు తెచ్చుకున్నాను.