ముల్లు దగ్గరే తేలిపోతుంది

అందరికీ నమస్కారం.

ఎల్పీ రికార్డుల్ని (ప్లేయర్ మీద తిప్పి వినే పెద్ద వినైల్ పళ్లాల్ని) కంప్యూటర్లోకి ఎక్కించుకుందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది, "ఏ సాఫ్ట్‌వేర్ వాడాలండీ?" అని. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఆ ప్రశ్న అక్కడితో అయిపోయింది. అసలు పని అంతకుముందే ఉంది. ముల్లు గాడిలోంచి ఎంత తీస్తే అంతే మనకు దక్కేది. అక్కడ పోగొట్టుకున్నదాన్ని తర్వాత ఏ ఫిల్టరూ తిరిగి తేలేదు.

కాబట్టి ముందు రికార్డు శుభ్రంగా ఉండాలి. గాడిలో దుమ్ము ముల్లుకి తగిలినప్పుడల్లా టప్‌మని వినిపిస్తుంది. పైపై దుమ్ముకి కార్బన్ ఫైబర్ బ్రష్ సరిపోతుంది. మురికి పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, లేబుల్ తడవకుండా చూసుకుని, పూర్తిగా ఆరాకే ప్లేయర్ మీద పెట్టండి. వినైల్ రికార్డుకి ఆ నీళ్లలో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపేవాళ్లు ఉన్నారు, ఫరవాలేదు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులకు మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా తగలనివ్వకండి. వాటిలో ఉన్నది లక్క, ఆల్కహాల్‌కి కరిగిపోతుంది. వాటి గాడి కూడా వెడల్పు. ఎల్పీ ముల్లు పెడితే అడుగున మురికిలో దొర్లుతుంది తప్ప గోడల్ని సరిగా పట్టుకోదు. దాదాపు మూడింతలు లావైన మొన ఉన్న ముల్లు వేరే కొనుక్కోవాల్సిందే.

రికార్డు అరిగిపోతుందన్న భయంతో కొందరు ముల్లు గాడి మీద మోపే బరువు బాగా తగ్గించేస్తారు. ఫలితం తలకిందులవుతుంది. పట్టు చాలని ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతూ గోడల్ని చెక్కేస్తుంది. తయారీదారు చెప్పిన బరువే పెట్టండి, చాలావాటికి అది రెండు గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది.

ఇప్పుడు వైర్ల సంగతి. ముల్లు కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. మామూలు కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని పెంచడానికి ఫోనో ప్రీయాంప్ కావాలి. పెంచడం ఒక్కటే దాని పని కాదు. రికార్డు మీద గాడి కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. బాస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ బాగా ఊగి చోటు తినేస్తుంది. ట్రెబుల్‌ని ముందే పెంచి, వినేటప్పుడు తగ్గిస్తే దాంతోపాటు ఉపరితలం మీది బుసబుస కూడా తగ్గుతుంది. 1954 నుంచి ఈ లెక్కకి ఆర్ఐఏఏ అనే ప్రమాణం ఉంది. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచడం, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించడం ప్రీయాంప్ పని. అది లేకుండా నేరుగా కంప్యూటర్ లైన్ ఇన్ సాకెట్‌లో పెడితే పాట పీలగా, కీచుగా వస్తుంది. ప్లేయర్‌లోనే ప్రీయాంప్ ఉండి, మళ్లీ ఫోనో సాకెట్‌లో పెడితే ఈ సర్దుబాటు రెండుసార్లు జరిగి మోత మోతగా పగిలిపోతుంది. గుయ్‌మని హమ్ వస్తోందా? ముందుగా గ్రౌండ్ వైర్ చూడండి, చాలాసార్లు అదే ఊడి ఉంటుంది.

రికార్డింగ్ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకోండి. నిమిషానికి 35 ఎంబీ దాకా అవుతుంది. ఫ్లాక్ అనే ఫైల్ ఫార్మాట్‌లో దాస్తే క్వాలిటీ ఏమీ పోకుండానే సైజు బాగా తగ్గుతుంది. రికార్డులో గట్టిగా వినిపించే చోటు వేసి చూసి, మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ సర్దండి. సున్నాకి కొట్టుకుంటే ఆ శబ్దం శిఖరం తెగిపోతుంది, మళ్లీ అతకదు. ఇరవై నిమిషాల వైపుకి ఇరవై నిమిషాలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. ఆ సేపూ దగ్గర కూర్చుని వినండి. ముల్లు ఒకేచోట తిరుగుతోందని మీటర్ చెప్పదు, చెవే చెబుతుంది.

ఇక రికార్డయిన శబ్దాన్ని శుభ్రం చేయడం. స్క్రీన్ మీద తరంగాన్ని బాగా పెద్దది చేసి చూస్తే శాంపిళ్లు, అంటే శబ్దాన్ని కొలిచిన ఒక్కో కొలత, చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. టప్‌మన్న చోట ఒక గీత నిటారుగా లేచి ఉంటుంది. ఆ ముక్క మాత్రమే సెలెక్ట్ చేసి ఆడాసిటీలో రిపేర్ నొక్కితే, అటూ ఇటూ ఉన్న చుక్కల్ని బట్టి మధ్య భాగాన్ని పూరిస్తుంది. ఒకసారికి 128 శాంపిళ్లే, అంటే సెకనులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. ఓపిక కావాలి, కానీ పాటకి గాయం కాదు. బుసని మొత్తంగా తగ్గించే నాయిస్ రిడక్షన్ అలా కాదు. గట్టిగా లాగితే బుసతోపాటు తీగ మీటాక సన్నగా సాగే మోత, పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చప్పుడు కూడా పోతాయి. నా మటుకు కాస్త బుస ఉన్న పాటే ఇష్టం. మోనో రికార్డయితే రెండు ఛానెళ్లనూ కలిపేయండి. ముల్లు పైకీ కిందికీ కదలడం వల్ల పుట్టే రొద చాలావరకు దానంతటదే కొట్టుకుపోతుంది.

ఏం చేసినా కాపీ మీద చేయండి. ముల్లు నుంచి వచ్చిన మొదటి ఫైల్ చెక్కుచెదరకుండా ఉండాలి. రేపు ఇంతకంటే మంచి పరికరాలు రావచ్చు, అప్పటికి రికార్డు ఈ స్థితిలో ఉండకపోవచ్చు. రెండు లేబుళ్లకూ ఫొటోలు తీయండి. గాడి ఆగిపోయాక లేబుల్ చుట్టూ నున్నగా ఉన్న చోట చెక్కిన నంబర్‌ని ఫైల్ పేరులో రాయండి. ఒకే ఆల్బమ్ వేర్వేరు ముద్రణల్ని గుర్తుపట్టడానికి పనికొచ్చేది అదే. అన్నీ అయ్యాక ఇంకో డిస్కులో కూడా ఒక కాపీ పెట్టండి.