కాళ్లు మింగే ప్రొజెక్టర్: పాత టీవీ డాన్సులతో ఒక పరీక్ష

నమస్కారమండీ. నా పక్కన స్టూలు మీద ఉన్న ఈ తెల్లటి గుండ్రటి వస్తువు చిన్న ప్రొజెక్టర్. కంపెనీవారు ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు, వీడియో అయ్యాక దీన్ని తిరిగి పంపేయాలి. వెలుగు ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు, బరువెంత అన్న లెక్కలు మీరు ఇప్పటికే పది చోట్ల చూసి ఉంటారు. వాటిని మళ్లీ వల్లించను. బొమ్మ బాగుంది, శబ్దం ఫరవాలేదు, ఫ్యాను మోతను భరించవచ్చు. నేను ఇంతకుముందు చూపించిన నల్ల ప్రొజెక్టర్ గుర్తుందా? అది వేస్తే పక్క గదిలో మిక్సీ తిరుగుతోందనుకునేవాళ్లం. ఆ విషయంలో ఇది నయం.

పాతకాలపు వినోదాన్ని మీ గోడ మీదికి తెస్తామని పెట్టె మీద అచ్చు వేశారు. సరే, అదే చూద్దామనుకున్నాను. కొత్త సినిమాలు, క్రికెట్టు పక్కన పెట్టి, 1950లు, 60లు, 70ల నాటి అమెరికా టీవీ కార్యక్రమాలు వేశాను. దేశాన్నంతా ఊపేసిన డాన్సులు వచ్చిన కార్యక్రమాలు. వాటి మీద నాకున్న పిచ్చి ఈ చానెల్ చూసేవారికి కొత్త కాదు.

మొదట ట్విస్ట్ అనే డాన్సు. అదే పేరున్న పాటను ముందుగా చేసింది హ్యాంక్ బల్లార్డ్ బృందం. 1959లో రికార్డుకు వెనక వైపు వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఫిలడెల్ఫియాలో కోళ్ల దుకాణంలో పని చేసిన ఎర్నెస్ట్ ఎవాన్స్ అనే కుర్రాడు, చబ్బీ చెకర్ అన్న పేరుతో దాన్నే మళ్లీ పాడాడు. 1960 ఆగస్టు 6, శనివారం రాత్రి డిక్ క్లార్క్ టీవీ కార్యక్రమంలో పాడుతూ ఆడి చూపించాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు. సెప్టెంబరుకల్లా పాట బిల్‌బోర్డ్ పత్రిక వేసే అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానంలో కూర్చుంది. అక్కడితో ఆగలేదు. 1962 జనవరిలో అదే రికార్డు మళ్లీ మొదటి స్థానానికి వచ్చింది. మొదటిసారి పిల్లలు ఆడారు, రెండోసారి వాళ్ల తల్లిదండ్రులు ఆడారు.

దీన్ని నేర్పడానికి చెకర్ చెప్పే పద్ధతి చాలా తేలిక. రెండు పాదాలతో రెండు సిగరెట్టు పీకలు నలిపి ఆర్పుతున్నామనుకోవాలి, అదే సమయంలో స్నానం చేసి వచ్చి తువ్వాలుతో వెనక తుడుచుకుంటున్నామనుకోవాలి. అంతే, వచ్చేసినట్లే. జంట ఉండాలి గానీ చేయి పట్టుకోనక్కర్లేదు. కాబట్టి టీవీ ముందు ఒంటరిగా నిలబడి కూడా నేర్చుకోవచ్చు. ఈ డాన్సు ఇంటింటికీ పాకడానికి అదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడు గోడ మీద చూడండి. సిగరెట్టు ఆర్పే పాదాలు ఎక్కడున్నాయి?

లేవు. నేను వీడియో వేయగానే మా అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి చూసి, "వీళ్లకు కాళ్లు లేవా నాన్నా?" అంది. కాళ్లున్నాయమ్మా, ఈ ప్రొజెక్టర్ మింగేసింది. ఆ కాలం నాటి టీవీ బొమ్మ 4:3 కొలతలో ఉంటుంది, అంటే దాదాపు చదరంగా. ఇప్పటి తెరలన్నీ 16:9, అడ్డంగా పొడవు. పాత బొమ్మను ఉన్నది ఉన్నట్లుగా చూపిస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. ఆ పట్టీలంటే ఈ కంపెనీకి ఎందుకింత కంటగింపో అర్థం కాదు. బొమ్మను పెద్దది చేసి, తెర నిండా పరిచి, మిగిలిన దాన్ని కోసి పారేస్తుంది. లెక్క వేస్తే ఎత్తులో సరిగ్గా నాలుగో వంతు పోతుంది, పైన సగం, కింద సగం. మనిషి నిలువెత్తున కనిపించే దృశ్యంలో పైన పోయేది జుట్టు, కింద పోయేది పాదాలు. వార్తలు చదివే మనిషికైతే ఏ నష్టమూ లేదు. ట్విస్ట్‌లో పాదాలు పోతే ఇంకేం మిగిలింది?

ఇంకో నవ్వొచ్చే విషయం. ఎల్విస్ ప్రెస్లీ ఎడ్ సలివాన్ షోకు మొదటిసారి 1956 సెప్టెంబరు 9న వచ్చినప్పుడు దాదాపు 6 కోట్ల మంది చూశారు. అతని నడుము ఊపు మీద పెద్దలు గగ్గోలు పెట్టారు. మూడోసారి, 1957 జనవరి 6న వచ్చినప్పుడు, కెమెరాలు అతన్ని నడుము పైనుంచి మాత్రమే చూపించాయి. కింద ఏం జరుగుతోందో స్టూడియోలో కూర్చున్నవాళ్లకే తెలిసింది. ఆనాడు ఆ కత్తిరింపు వెనుక నైతికత అన్న సాకైనా ఉంది. ఈ ప్రొజెక్టర్ ఏ సాకూ లేకుండా చబ్బీ చెకర్‌కు అదే గతి పట్టించింది.

సెట్టింగుల్లో మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చాను. అది సెట్టింగుల్లో చిత్రం, చిత్రంలో అదనం, అదనంలో తెర ఆకారం అన్న చోట దాక్కుంది. రిమోట్ మీద సినిమా యాప్‌లకు నాలుగు మీటలున్నాయి, దీనికి ఒక్కటీ లేదు. పోనీ, ఒకసారి మారిస్తే చాలనుకున్నాను. ఆపి మళ్లీ వేస్తే మొదటికొచ్చింది. మళ్లీ కోత. ప్రతిసారీ ఇదే తంతు. రెండో మార్గం సాగదీసే పద్ధతి. అందులో కాళ్లు కనిపిస్తాయి గానీ మనుషులందరూ మూడో వంతు లావెక్కుతారు.

కోపం కాస్త పక్కన పెట్టి ఆ కార్యక్రమాల గురించి చెప్పాలి, లేకపోతే మీకు నా బాధ అర్థం కాదు. అమెరికన్ బ్యాండ్‌స్టాండ్ ఫిలడెల్ఫియాలో 1952లో స్థానిక కార్యక్రమంగా మొదలై, 1957 ఆగస్టు 5 నుంచి దేశమంతా కనిపించింది. బడి వదిలిన పిల్లలు స్టూడియోకు వచ్చి ఆడతారు, మిగతా పిల్లలు ఇంట్లో చూసి నేర్చుకుంటారు. అందులో స్ట్రోల్ అనే డాన్సు ఉంది. అబ్బాయిలు ఒక వరుస, అమ్మాయిలు ఎదురుగా ఒక వరుస. మధ్య దారిలో ఒక్కో జంట తాపీగా అడుగులు వేస్తూ నడిచి వెళుతుంది. మా అమ్మ చూసి, కర్రలు లేవు గానీ అచ్చం కోలాటంలా ఉందంది.

ఈ జ్ఞాపకాలన్నీ తీపివే అనుకోకండి. ఆ స్టూడియోలోకి ఫిలడెల్ఫియా నల్లజాతి పిల్లలను దాదాపు రానివ్వలేదు. విచిత్రమేమిటంటే ఈ స్ట్రోల్‌ను పక్కనే విల్మింగ్టన్‌లో మిచ్ థామస్ అనే నల్లజాతి వ్యాఖ్యాత నడిపిన టీవీ కార్యక్రమంలో నల్లజాతి పిల్లలు ముందే ఆడారు. బ్యాండ్‌స్టాండ్ పిల్లలు అది చూసి నేర్చుకున్నారు. పేరు మాత్రం వీళ్లకు వచ్చింది. ఆ పాత వీడియోలు చూస్తున్నప్పుడు ఆ ముఖాల్లో ఎవరు లేరో కూడా చూడాలి.

అందుకే నాకు సోల్ ట్రెయిన్ అనే టీవీ కార్యక్రమం అంటే ఇంకా ఇష్టం. డాన్ కార్నీలియస్ అనే నల్లజాతి వ్యాఖ్యాత దాన్ని 1970లో షికాగోలో మొదలుపెట్టి, 1971లో లాస్ ఏంజెలిస్ నుంచి దేశమంతటికీ తీసుకెళ్లాడు. ఇక్కడా అవే రెండు వరుసలు, మధ్యలో దారి. అయితే తాపీ నడక పోయింది. ఒక్కొక్కరూ తమకు వచ్చిన విద్య అంతా ఆ నాలుగు గజాల్లో గుమ్మరిస్తూ కెమెరా మీదికి వస్తారు. వాళ్లకు జీతం లేదు. రోజంతా ఆడితే పెట్టింది వేయించిన కోడి భోజనం పొట్లం.

అక్కడ పేరు తెచ్చుకున్న డాన్సుల్లో లాకింగ్ ఒకటి. డాన్ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు ఇంకేదో డాన్సు ఆడబోతే అది సరిగా కుదరక మధ్యలో ఆగిపోతూ ఉండేవాడట. ఆ ఆగడమే శైలి అయింది. చేయి విసురుగా తిప్పుతాడు, చటుక్కున ఆపేస్తాడు, మోచేయి గాల్లో బిగుసుకుపోతుంది, ఒక్క క్షణం శిల్పం, మళ్లీ కదలిక. అందం అంతా ఆ ఆగడంలోనే ఉంది. 1973లో పదిహేనేళ్ల మైకేల్ జాక్సన్ అన్నలతో కలిసి ఇదే కార్యక్రమానికి వచ్చి రోబో డాన్సు ఆడాడు. అదీ అంతే, ఆగితేనే రోబో.

ఈ ప్రొజెక్టర్‌లో నా రెండో గొడవ ఇక్కడే. కదలికను నునుపు చేసే సదుపాయం ఒకటి పెట్టారు, కంపెనీవారు దాని గురించి తెగ చెప్పుకుంటారు. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును అది ఊహించి ఇరికిస్తుంది. ఫుట్‌బాల్‌కు బాగానే ఉంటుందేమో. లాకింగ్‌లో మాత్రం చటుక్కున ఆగాల్సిన చేయి మెల్లగా జారి ఆగుతుంది. వేళ్ల చుట్టూ చిన్న పొగలాంటి మరక కనిపిస్తుంది. చూడండి, ఈ నీలం చొక్కా అబ్బాయి మణికట్టు దగ్గర ఆపుతున్నాను. మరక కనిపించిందా? అది 1970లలో లేదు, ఈ డబ్బా కల్పించింది. దీన్ని ఆపేసినా, ప్రొజెక్టర్ ఆపి మళ్లీ వేస్తే మొదటికే వస్తుంది.

నిజానికి ఆ కాలపు అమెరికా వీడియోటేపు సెకనుకు 60 సగం బొమ్మలతో నడిచేది, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. కదలిక దానంతటదే తేటగా ఉండేది. ఇంటర్నెట్‌లోకి ఎక్కించేటప్పుడు చాలామంది దాన్ని 30కి కుదించేశారు. పోగొట్టిన సగాన్ని ఈ ప్రొజెక్టర్ ఊహతో పూడ్చబోతోంది. పూడ్చలేక పోతోంది.

మా ఇంట్లో 21 అంగుళాల పాత పిక్చర్ ట్యూబు టీవీ ఒకటి ఇంకా ఉంది. బరువు ఇద్దరు మోయాలి. దానికో డీవీడీ ప్లేయరు తగిలించి సోల్ ట్రెయిన్ డిస్కు వేశాను. మెనూ లేదు, సెట్టింగు లేదు. 4:3 బొమ్మ, 4:3 తెర. తల నుంచి బూటు దాకా మనిషి నిలబడ్డాడు. మోచేయి ఆగాల్సిన చోట ఆగింది. రంగు కాస్త ఎర్రగా ఉంటే ఉండనీయండి.

మనకు అలాంటి కార్యక్రమం అప్పట్లో లేదు. శుక్రవారం చిత్రలహరి ఉండేది, అందులో సినిమా పాటలు వచ్చేవి. 1987లో చిరంజీవి 'పసివాడి ప్రాణం'లో బ్రేక్ డాన్స్ చేస్తే ఊరూరా కుర్రాళ్లు మోచేతులు విరుచుకున్నారు. సినిమా పాటలో ఒక అడుగు చూసేలోపు కొండ మీదికో, కథానాయిక ముఖం మీదికో కెమెరా వెళ్లిపోతుంది. అడుగు మొత్తం కనిపించాలంటే స్టూడియోలో నిలువెత్తు దృశ్యం కావాలి. అది నాకు 1996లో సోనీలో బూగీ వూగీ వచ్చాకే దొరికింది. మా మేనమామ కొడుకు, నేను పరుపు గోడకు ఆనించి, ఆ ఖాళీలో సాధన చేసేవాళ్లం. మాకు నేర్పింది కెమెరా పెట్టిన దూరమే అనుకుంటాను.

తీర్పు అడుగుతున్నారు కదా. క్రికెట్టు, కొత్త సినిమాలు, మేడ మీద స్నేహితులు, వీటికైతే ఇది మంచి వస్తువే. ఎవరికైనా బహుమతిగా ఇచ్చినా బాగుంటుంది. పాత వినోదం అని రాసినందుకు మాత్రం నేను దీనికి పాస్ మార్కులు వేయను. నా డబ్బుతో కొననూ కొనను. సెట్టింగును గుర్తుపెట్టుకునేలా ఒక చిన్న అప్‌డేట్ ఇవ్వండని కంపెనీకి రాశాను. జవాబు వస్తే కింద వివరణలో పెడతాను.

ఇప్పటికే కొన్నవారు ముందు ఆ నునుపు సదుపాయాన్ని ఆపేయండి, తర్వాత తెర ఆకారాన్ని 4:3కి మార్చండి, ఆపై ఎడ్ సలివాన్ షో అధికారిక చానెల్‌లోకి వెళ్లండి. కొనబోయేవారు దుకాణంలో ఏదైనా పాత డాన్సు వీడియో వేయించి చూడండి. సెట్టింగు మార్చి, ప్రొజెక్టర్ ఆపించి, మళ్లీ ఆన్ చేయించండి. పాదాలు ఇంకా కనిపిస్తుంటేనే జేబులోంచి డబ్బు తీయండి.